పదిహేను సెకన్ల ఖాళీ స్లైడు

నేను చదివింది భూగర్భజల శాస్త్రం. జనం భాషలో చెప్పాలంటే బోరు పాయింట్లు పెట్టేవాణ్ణి. పొలానికి వెళ్లి, నాలుగు ఇనుప కడ్డీలు దిగ్గొట్టి, మీటరు చూసి, సున్నంతో గుర్తు పెట్టి, "ఇక్కడ వెయ్యండి, మూడొందల అడుగుల లోపు తగలాలి" అని చెప్పి వస్తాను. ఇరవయ్యేళ్లకు పైగా ఇదే పని, ఎక్కువగా నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు.

పోయినేడు హైదరాబాదులో ఒక సాయంత్రం సభకు పిలిచారు. అంశం "నిపుణులకు తెలియనివి". సమయం ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాలకు ఎలా తయారయ్యానో, వేదిక మీద ఏం చెడిందో, తర్వాత నా పనిలో ఏం మారిందో రాస్తున్నాను. ఇలాంటి ప్రసంగం ఒప్పుకున్నవాళ్లకు కొన్ని సంగతులు పనికొస్తాయి. బోరు వేయించుకునేవాళ్లకు కూడా ఒకటో రెండో.

పద్ధతి ఇదీ: 20 స్లైడ్లు, ఒక్కోటి 15 సెకన్లు. మన చేతిలో మీట ఉండదు, స్లైడ్లు వాటంతట అవే మారిపోతుంటాయి. ఇగ్నైట్ అనే ఈ పద్ధతి 2006లో అమెరికాలోని సియాటిల్‌లో మొదలైంది. దానికి మూడేళ్ల ముందు టోక్యోలో ఆస్ట్రిడ్ క్లైన్, మార్క్ డైథమ్ అనే ఇద్దరు ఆర్కిటెక్టులు పెచకుచ అని ఇలాంటిదే పెట్టారు. అందులో స్లైడుకు 20 సెకన్లు, మొత్తం 6 నిమిషాల 40 సెకన్లు. ఆర్కిటెక్టుల చేతికి మైకు ఇస్తే వదలరన్నది వాళ్ల బాధట. మా వృత్తి వాళ్లు సెమినార్లలో మాట్లాడటం వాళ్లు విని ఉంటే స్లైడుకు ఐదు సెకన్లే ఇచ్చేవాళ్లు.

మొదటి ప్రతి

మొదట అందరూ చేసేదే చేశాను. ముఖానికి నిమ్మరసం పూసుకుంటే కెమెరాకు కనిపించనని నమ్మి 1995లో పిట్స్‌బర్గ్‌లో బ్యాంకులు దోచిన మనిషి కథతో ఎత్తుకున్నాను. కార్నెల్ యూనివర్సిటీకి చెందిన డన్నింగ్, క్రూగర్ 1999 నాటి తమ పరిశోధన వ్యాసాన్ని ఆ కథతోనే మొదలుపెట్టారు. చేతకానివాడికి తన చేతకానితనం కూడా తెలియదన్నది అందులో సారం. కథ బాగుంటుంది, జనం నవ్వుతారు. రెండు రోజుల తర్వాత తీసేశాను. నన్ను మాట్లాడమన్నది నిపుణుల అజ్ఞానం గురించి, నేను చెబుతున్నది ఎవడో అమాయకుడి గురించి. (సభ రోజు నాకంటే ముందు మాట్లాడినాయన సరిగ్గా ఆ కథతోనే మొదలుపెట్టాడు. బతికిపోయాననుకున్నాను.)

తర్వాత ఏనుగు పద్యం పెట్టాను. కాస్త తెలిసిన రోజుల్లో మదించిన ఏనుగులా తిరిగానని, పండితుల దగ్గర కూర్చున్నాక తనకేమీ తెలియదని తెలిసివచ్చిందని భర్తృహరి చెప్పినది. రాగం తీయకుండా గబగబా చదివినా ఇరవై సెకన్లు దాటింది. రెండు స్లైడ్లకు సర్దుదామంటే పద్యం నడుం విరిగింది. అదీ పోయింది.

ఇక కొబ్బరికాయ. మా వృత్తిలో దీన్ని తప్పించుకోలేం. అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టి పొలంలో నడుస్తారు, నీళ్లున్న చోట అది లేచి నిలబడుతుందంటారు. కొందరు వేప పంగ పట్టుకుంటారు. నేను వెళ్లే పొలాల్లో సగానికి సగం నాకంటే ముందు కొబ్బరికాయ ఆయన నడిచి వెళ్లి ఉంటాడు. జర్మనీలో మ్యూనిక్ దగ్గర 1980ల చివర్లో పంగకర్ర పట్టేవాళ్లను కొట్టం పై అంతస్తులో నడిపించి, కింద అంతస్తులో నీటి పైపును అటూఇటూ జరిపి పరీక్షించారు. 43 మంది, 843 సార్లు. కొందరికి నిజంగానే ఆ శక్తి ఉందని పరీక్ష చేసినవాళ్లు అన్నారు. అవే అంకెలు తిరగేసిన అమెరికా శాస్త్రవేత్త జిమ్ ఎన్‌రైట్, ఇది గుడ్డిగా చెప్పినదానికంటే మెరుగేమీ కాదన్నాడు. ఈ గొడవంతా 15 సెకన్లలో ఇమడదు. ఎన్‌రైట్ మాట ఒక్కటే చెప్పేసి పోదామనుకున్నాను.

అక్కడే ఈ పద్ధతిలోని తిరకాసు అర్థమైంది. నాకు తెలిసిన ముక్క ఆరు సెకన్లలో అయిపోతుంది. మిగతా తొమ్మిది సెకన్లూ షరతులే తింటాయి: వానలు సరిగ్గా పడితే, పక్క పొలంలో ఇంతకంటే లోతు బోరు లేకపోతే, నేల కింద రాతి పగులు ఇటు వాలి ఉంటే. టైము చాలకపోతే కత్తెర ముందుగా పడేది వీటి మీదే. మూడుసార్లు కత్తిరించాక నా ప్రతిలో సందేహమన్నది మిగల్లేదు. అజ్ఞానం గురించిన ప్రసంగంలో అన్నీ తెలిసినవాడొకడు నిలబడి ఉన్నాడు.

దాంతో తిరగేశాను. షరతులను వాక్యాల తోకలకు కట్టడం మానేసి వాటికే విడిగా స్లైడ్లిచ్చాను. ఇరవైలో ఆరు స్లైడ్లు నాకు తెలియని వాటికే.

రాయి సంగతి

ఆ ఆరింటిలో ఏముందో చెప్పాలంటే మన నేల గురించి కాస్త చెప్పాలి. తెలంగాణలో చాలా భాగం కింద ఉన్నది గ్రానైటు, నైసు అనే గట్టి రాళ్లు. గట్టి రాయిలో నీళ్లుండవు. పైన రాయి పాడై మొరంగా మారిన పొరలో ఉంటాయి, దాని కింద రాతి పగుళ్లలో ఉంటాయి. మొరం పొరను నా మీటరు బాగానే పడుతుంది. నేలలోకి కరెంటు పంపి అది ఎంత అడ్డుకుంటుందో కొలుస్తాం. గట్టి గ్రానైటు వేల ఓమ్-మీటర్లు చూపిస్తుంది, తడిసిన మొరం అందులో ఏ మూలకూ రాదు. అయితే బంకమట్టి కూడా అలాగే తక్కువ చూపిస్తుంది. కిందున్నది నీళ్లో, జిగట మట్టో అంకె చెప్పదు. పైగా రెండు రకాల పొరల వరసలు, కొలిచిన అంకెలతో గీసినప్పుడు, ఒకే గీతను ఇవ్వగలవు. కంప్యూటర్‌లో గీత అచ్చం కలిసినంత మాత్రాన కింద ఉన్నది అదేనని అనలేం.

చాలా చోట్ల మొరం ఎండిపోయింది. బోర్లు పగుళ్ల కోసమే దిగుతున్నాయి. పగులు మందం ఎంత? ఒక్కోసారి రెండు వేళ్లు. ఎనభై మీటర్ల లోతులో రెండు వేళ్ల మందం గల సందు పైనున్న నా మీటరుకు కనిపించదు. దగ్గరలో రాయి బయటపడి ఉంటే దాని మీది గీతలు ఎటు పోతున్నాయో, వాగు ఎక్కడ వంగుతోందో, పక్క బోరులో ఎన్ని అడుగులకు తగిలిందో చూసి ఊహిస్తాం. ఇరవయ్యేళ్ల ఊహ, అంతే. రైతుకు మాత్రం మీటరు, కడ్డీలు, తీగలు కనిపిస్తాయి. ఎక్స్‌రే తీసినట్టే అనుకుంటాడు. కాదని నేనూ అనను.

ఎనభై

పదో స్లైడు మీద "నా పాయింట్లలో నీళ్లు పడినవి: 80 శాతం" అని రాశాను. ఈ మాట ఎన్నేళ్లుగానో అంటున్నాను. "గ్యారంటీయేనా సార్?" అని అడుగుతారు. "వందకు ఎనభై" అంటాను.

ఇంట్లో రిహార్సల్. మా అమ్మాయి ఫోన్‌లో టైమరు పెట్టుకుని ఎదురుగా కూర్చుంది. పదో స్లైడు దగ్గర టైమరు ఆపేసింది.

"ఎనభై అని ఎట్లా తెలుసు నాన్నా?"

"అనుభవం."

"అంటే, లెక్కపెట్టావా?"

ఆ రాత్రి బీరువాలో ఫైళ్లన్నీ దించాను. ప్రతి రిపోర్టులో సర్వే నంబరు ఉంది, గీత ఉంది, పొరల లెక్క ఉంది, ఎన్ని అడుగులు వేయాలో ఉంది, కింద నా సంతకం, స్టాంపు ఉన్నాయి. వేశాక నీళ్లు పడ్డాయా లేదా అన్న గడి ఒక్క రిపోర్టులోనూ లేదు.

నాకు తిరిగి ఫోన్ చేసేవాళ్లెవరు? నీళ్లు పడినవాళ్లు. రెండో పొలంలో పాయింట్ పెట్టమనో, బావమరిదికి నా నంబరు ఇచ్చామనో చేస్తారు. నీళ్లు పడక దుమ్ము లేచినవాడు నాకెందుకు చేస్తాడు? ఇంకో జియాలజిస్టు దగ్గరికో, కొబ్బరికాయ ఆయన దగ్గరికో పోతాడు. నా చెవిన పడిందంతా మెప్పే. ఆ మెప్పును కూడితే ఎనభై వచ్చింది.

పడింది అంటే ఏమిటన్నది ఇంకో చిక్కు. అర ఇంచు నీళ్లు ఇంటికి చాలు, వరికి ఏ మాత్రం చాలవు. భాద్రపదంలో రెండించులు పోసిన బోరు చైత్రానికి గాలి తోడుతుంది. దాన్ని ఏ గడిలో వేయాలి?

డేనియల్ కానెమన్, గ్యారీ క్లైన్ అని ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు. నిపుణుల ఊహను నమ్మవచ్చా అన్న విషయంలో ఒకాయనది తూర్పు, ఇంకొకాయనది పడమర. ఇద్దరూ కలిసి 2009లో ఒక వ్యాసం రాసి, ఒక చోట మాత్రం ఏకీభవించారు. ఊహ పదునెక్కాలంటే రెండు ఉండాలి: ఆ పనిలో పట్టుకోగలిగిన క్రమం ఒకటి, నువ్వు చెప్పింది నిజమైందో కాలేదో నీకు తిరిగి తెలియడం రెండోది. మొదటిది నాకు కొంత ఉంది. రెండోది ఇరవయ్యేళ్లుగా లేదు. నాకున్నది ఒక సంవత్సరం అనుభవమే, దాన్నే ఇరవైసార్లు చేశాను.

రెండూ ఉన్నది ఎవరికంటే బోరు బండి డ్రైవరుకు. నేను గుర్తు పెట్టి వెళ్లిపోతాను. అతను తెల్లవార్లూ అక్కడే ఉంటాడు. దుమ్ము రంగు మారడం చూస్తాడు, హ్యామర్ చప్పుడు మారడం వింటాడు, తడి తగిలిన అడుగు గుర్తుపెట్టుకుంటాడు. నా పాయింటూ, కొబ్బరికాయ పాయింటూ, రైతు అత్తగారు కల కన్న పాయింటూ, అన్నీ ఎట్లా తేలాయో అతను కళ్లారా చూశాడు. మా వైపు వచ్చే బళ్లలో చాలా వాటికి తమిళనాడు నంబరు ప్లేట్లుంటాయి, తిరుచెంగోడు నుంచి వస్తాయి. వాళ్లనెవరూ ఇలాంటి సభలకు పిలవరు.

పదో స్లైడులో ఎనభై చెరిపేశాను. దాని బదులు పెట్టడానికి నా దగ్గర ఏమీ లేదు. తెల్లగా వదిలేశాను. పదిహేను సెకన్లు తెల్ల తెర, నేను నోరు మూసుకుని నిలబడటం. అంతకంటే నిజం నా దగ్గర లేదనిపించింది. కొబ్బరికాయ ఆయన లెక్క చూపించడని వెక్కిరించిన మ్యూనిక్ స్లైడు కూడా ఆ రాత్రే తీసేశాను. లెక్క నేను చూపిస్తున్నానా? కొబ్బరికాయ ఫొటో ఒక్కటి ఉంచాను, తొమ్మిదో స్లైడుగా. దాని మీద చెప్పాలనుకున్నది ఒకటే: "ఈయన దగ్గరా లెక్క లేదు, నా దగ్గరా లేదు."

క్రియ చివర వచ్చే భాష

సాధన గురించి రెండు ముక్కలు. నా వేగంలో 15 సెకన్లకు పాతిక మాటలు పడతాయి, లాగితే ముప్ఫై. ఇరవై రాసుకోవడం మంచిది, వేదిక మీద ఊపిరి కూడా పీల్చుకోవాలి. స్లైడు మారగానే ఎత్తుకోకుండా ఒక సెకను ఆగాలి, ఈలోగా జనం బొమ్మ చూస్తారు. కంఠతా పట్టాల్సింది ఒక్కో స్లైడులోని మొదటి మాటా చివరి మాటా. మధ్యలోది దానంతట అదే వస్తుంది.

తెలుగులో ఇబ్బంది ఒకటుంది, అది నాకు ఎవరూ చెప్పలేదు. మన వాక్యంలో తీర్పు చివర్లో వస్తుంది. ఉందో లేదో, అవునో కాదో తేలేది ఆఖరి మాటలోనే. ఒక్క సెకను ఆలస్యమైతే ఆ మాట తర్వాతి స్లైడు మీద పడుతుంది.

పడింది కూడా.

ఆ సాయంత్రం

నాది ఏడో వంతు. మొదటి ఏడు స్లైడ్లు బాగానే నడిచాయి. ఎనిమిదో స్లైడు రాతి పగులు ఫొటో, పక్కన కొలతకు నా రెండు వేళ్లు. నేను రాసుకున్న వాక్యం: "ఎనభై మీటర్ల లోతులో ఇంత సన్నటి పగులును పైనుంచి కనిపెట్టే శక్తి నా మీటరుకు లేదు." అంతకు ముందు ఎవరో దగ్గడంతో సగం సెకను, మైకు సర్దుకోవడంతో ఇంకో సెకను పోయాయి. "కనిపెట్టే శక్తి..." అనేసరికి తెర మారింది. నిలువెత్తు కొబ్బరికాయ. గాభరాలో "నా మీటరుకు" మింగేశాను. "లేదు" మాత్రం గట్టిగా పలికింది.

హాలంతా గొల్లుమంది. వెనక వరసల్లో చప్పట్లు. శక్తి లేనిది కొబ్బరికాయకని వాళ్లకు అర్థమైంది. నేను ఒప్పుకున్న అజ్ఞానం నా కళ్ల ముందే ఇంకొకాయన నెత్తిన పడింది. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, ఆ చప్పట్లకు నేనూ చిన్నగా నవ్వాను. "ఈయన దగ్గరా లెక్క లేదు, నా దగ్గరా..." అని మొదలుపెట్టాను, నవ్వుల్లో వినపడలేదు.

తెర తెల్లబడింది. పదో స్లైడు. అనుకున్నట్టే నోరు మూసుకున్నాను. మూడు సెకన్లు... నాలుగు... ప్రొజెక్టరు ఆగిందనుకుని ల్యాప్‌టాప్ దగ్గరున్న కుర్రాడు పరుగున వచ్చి ఏదో మీట నొక్కాడు. పదకొండో స్లైడు వచ్చేసింది. నా ఖాళీ ఆరు సెకన్లకే ముగిసింది, పైగా అక్కణ్ణుంచి స్లైడ్లు నాకంటే తొమ్మిది సెకన్లు ముందున్నాయి. కుర్రాడి తప్పేం లేదు, ఒక స్లైడు కావాలనే ఖాళీగా ఉంటుందని నేనే ముందు చెప్పి ఉండాల్సింది. పదకొండులో చెప్పాల్సినది మొత్తం వదిలేసి, పన్నెండులో ఒక వాక్యం తగ్గించి అందుకున్నాను. వదిలేసిన దాంట్లోనే ఉంది "ఎనభై శాతం అని ఇన్నేళ్లూ అబద్ధం చెప్పాను" అన్న మాట. ప్రసంగమంతా దానికోసమే కట్టుకున్నాను.

ముగిశాక చాలామంది వచ్చి చెయ్యి కలిపారు. "కొబ్బరికాయను భలే ఉతికారు సార్" అన్నారు. ఒకమ్మాయి మాత్రం, వాళ్ల నాన్నకు ఊళ్లో వరసగా నాలుగు బోర్లు పోయాయట, దగ్గరికొచ్చి, "మధ్యలో తెర తెల్లగా ఉన్నప్పుడు మీరు ఏదో చెప్పబోయి ఆగినట్టున్నారు" అంది. ఆమెకు మొత్తం చెప్పాను. పదిహేను సెకన్ల కంటే ఎక్కువే పట్టింది.

తర్వాత

మూడు నెలలకు ఒక కాలేజీలో ఇదే ప్రసంగం మళ్లీ చేశాను. మార్పులు తక్కువే. కొబ్బరికాయను పగులు పక్కనుంచి తీసి మూడో స్లైడుకు పంపాను. తెల్ల తెర మీద "వందకు ____" అని రాశాను, ఇప్పుడు చెడిపోయిందని ఎవరూ అనుకోరు. ల్యాప్‌టాప్ దగ్గర కూర్చునే అబ్బాయికి ముందే చెప్పాను. వాక్యాలు తిరగేశాను: "కనిపించదు నా మీటరుకు, ఎనభై మీటర్ల కింద పగులు." రాతలో వంకరగా ఉంటుంది గాని, మా నాయనమ్మ మాట్లాడేది ఇట్లాగే. ముందు తీర్పు, తర్వాత వివరం. ఈసారి ఎవరూ గొల్లుమనలేదు. ఖాళీ స్లైడు పదిహేను సెకన్లూ నిలబడింది. అందులో చివరి ఐదు సెకన్లు నాకు చాలా కష్టమయ్యాయి.

పనిలో మారింది ఇంకొంచెం ఎక్కువ. రిపోర్టు చివర రెండు గడులు చేర్చాను. ఒకటి, వేశాక ఏమైంది. రెండోది, ఎక్కడ ఆపాలి. రెండోది రైతుకు నా పాయింటు కంటే ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం. మన గ్రానైటులో లోతుకు పోయేకొద్దీ పగుళ్లు తగ్గుతాయి. అయినా రాత్రి పన్నెండుకు, బండి మోగుతుంటే, "ఇంకో యాభై అడుగులు చూద్దాం" అనని రైతు ఉండడు. అడుగుకు ఇంతని లెక్క కాబట్టి బండివాడు వద్దనడు. బోరు, కేసింగు, మోటారు, పైపులు కలిపితే లక్ష దాటడం మామూలే. దానిలో కొంత ఆ ఇంకో యాభైల్లోనే పోతుంది. ఇప్పుడు గుర్తు పెట్టేటప్పుడే ఆపాల్సిన అడుగు కాగితం మీద రాసి ఇస్తున్నాను.

పాత ఫైళ్లలో నంబర్లు దొరికిన వాళ్లకు ఫోన్లు మొదలుపెట్టాను. నోటు పుస్తకంలో మూడు వరసలు గీశాను: నీళ్లు, దుమ్ము, ఎత్తలేదు. మూడోదే పొడుగ్గా పెరుగుతోంది. ఎత్తినవాళ్లలో ఒక పెద్దాయన నేనెవరో గుర్తుపట్టి కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "నువ్వు చెప్పిన కాడనే ఏసినం. దుమ్ము లేసింది. గిన్నేండ్లకు అడుగుతున్నవు, అప్పుడే చెప్తే ఏం జేసెటోనివి?" నా దగ్గర జవాబు లేదు. దుమ్ము కింద రాసుకున్నాను.

ఎనభై దగ్గరికి వస్తుందా అని మా అమ్మాయి అడుగుతుంటుంది. ఎత్తనివాళ్లను ఏ గడిలో వేయాలో తేలేదాకా స్లైడు ఖాళీగానే ఉంటుందని చెప్పాను.

కొత్త పాయింట్లకు మాత్రం వేరే ఏర్పాటు. తిరుచెంగోడు బండి డ్రైవర్లలో ఇద్దరు, నా గుర్తు మీద బోరు వేసినప్పుడల్లా వాట్సాప్‌లో వాయిస్ పంపుతున్నారు. మొన్న రాత్రి పదకొండున్నరకు ఒకటి వచ్చింది. వెనక కంప్రెసరు హోరు, ముందు తమిళ యాస తెలుగు: "రెండొందల పది తడి సార్. మూడొందల అరవై దాకా పోయినాం. దుమ్మే. రాసుకోండి."